పని నేర్పారు, కూలి మరిచారు

మా బచ్చన్నపేటలో ఎవరినైనా ఆపి 'కోచింగు' అంటే ఏమిటని అడిగి చూడండి. గ్రూప్స్ పరీక్షకో, కానిస్టేబులు ఉద్యోగానికో హైదరాబాదులో గది అద్దెకు తీసుకొని చదువుకోవటం అని చెబుతారు. బోర్లనూ వాననూ నమ్ముకొన్న మా మెట్ట మండలంలో ఆ మాటకు వేరే అర్థం లేదు. నిర్వహణశాస్త్రం చదివినవారి దగ్గర మాత్రం వేరొక అర్థం ఉంది. పనిచేసే చోట ఉద్యోగిని ఎదురుగా కూర్చోబెట్టుకొని, ప్రశ్నలు వేసి, తన లోపాలను తానే గుర్తించి తన పనిని తానే మెరుగుపరచుకొనేటట్లు చేయటం వారి కోచింగు. ఒకప్పుడు కారు పందేలలో పేరు తెచ్చుకొన్న జాన్ విట్మోర్ అనే ఆంగ్లేయుడు 1992లో వ్రాసిన పుస్తకం తరువాత ఈ విద్య కంపెనీలలో బాగా వ్యాపించింది. దీనికి తోబుట్టువులు మరి రెండున్నాయి. ఒకటి 'నాయకత్వ వికాసం', రెండవది 'శ్రామికశక్తి అభివృద్ధి'. ఈ మూడింటిమీదా ఏటేటా గుట్టలకొద్దీ పరిశోధన పత్రాలు వెలువడుతున్నాయి.

మాటల దగ్గరే మొదటి పేచీ ఉంది. మనిషిని 'మానవ వనరు' అని పిలవటానికి మనం ఎప్పుడు ఒప్పుకొన్నాము? బొగ్గు వనరు, నీరు వనరు, ఇసుక వనరు. వనరు అంటే తవ్వుకొనేది, తోడుకొనేది. తవ్వేవాడు ఒకడుంటేనే వనరుకు ఆ పేరు వస్తుంది. మనిషిని ఆ జాబితాలో చేర్చిన తరువాత, అతనికి ఇచ్చే శిక్షణ బోరుబావిని ఇంకొంత లోతుకు దింపటం వంటిదే అవుతుంది. నీళ్ళు ఎవరి పొలానికి పారుతున్నాయని బోరును ఎవరూ అడగరు గదా!

ఈ టపాలో నేను చేయదలచిన వాదం ఒక్కటే. శిక్షణవలన పనివాడి పనితనం పెరిగి, పెరిగినదానిలో అతనికి న్యాయమైన వాటా దక్కకపోతే దానికి 'అభివృద్ధి' అనే పేరు చెల్లదు. ఆ వాటాను కొలవని పరిశోధన సగం పరిశోధన. కొలిచి చెప్పినా ఆ సగాన్ని దాచిపెట్టి తక్కిన సగాన్ని ఊరేగించే ప్రచారం మోసం. ఎర్రజెండా ఉపన్యాసమని పక్కన పెట్టేయకండి. నేను చూపబోయే లెక్కలన్నీ ఆ శాస్త్రం వారివే.

ఈ విద్య తెలుగునాటికి నిన్న మొన్న వచ్చింది కాదు. ప్రపంచమంతటా పాఠ్యపుస్తకాలకు ఎక్కిన ప్రయోగమొకటి మన కాకినాడ పేరుమీదనే ఉంది. హార్వర్డులో మనస్తత్వశాస్త్రం బోధించిన డేవిడ్ మెక్లెలాండ్ 1961లో 'ద అచీవింగ్ సొసైటీ' అనే గ్రంథం ప్రకటించాడు. దేశాలు బాగుపడటానికి మూలం మనుషులలోని సాధనేచ్ఛ అని ఆయన సిద్ధాంతం. ఆ ఇచ్ఛను పాఠం చెప్పి పెంచవచ్చునా అని పరీక్షించటానికి 1964లో కాకినాడ వ్యాపారులను హైదరాబాదుకు రప్పించి, 'సియెట్' అని పిలిచే చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థలో సుమారు పది రోజులు తరగతులు నడిపారు. ఆ సంస్థ ఇప్పటికీ యూసుఫ్‌గూడలో వేరే పేరుతో నడుస్తూనే ఉంది. పోలిక కోసం రాజమండ్రి వ్యాపారులను శిక్షణ లేకుండా గమనించారు. మెక్లెలాండూ డేవిడ్ వింటరూ కలిసి 1969లో ఫలితాలను పుస్తకంగా వేశారు. శిక్షణ పొందినవారిలో సుమారు సగంమంది తరువాతి రెండేళ్ళలో వ్యాపారంలో కొత్త చొరవ చూపారు. శిక్షణ లేనివారిలో అటువంటివారు నాలుగోవంతు మాత్రమే. ఆచారాలనూ నమ్మకాలనూ వదులుకోనక్కరలేకుండానే ఇది జరిగిందన్నది అందులోని మరొక విశేషం.

మంచి ప్రయోగమే. కాని ఆ తరగతులకు పిలిచింది ఎవరిని? దుకాణమో మిల్లో ఉన్నవారిని. ఆ దుకాణంలో బస్తా మోసేవాడినీ, ఆ మిల్లులో పట్టా తిప్పేవాడినీ పిలవలేదు. అందులో తప్పు లేదు, ప్రయోగం వ్యాపారుల గురించి. అయితే ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. యజమానికి పాఠం చెబితే పెరిగిన రాబడి అతని గల్లాపెట్టెలోనే పడుతుంది. నేర్చినవాడూ అనుభవించేవాడూ ఒక్కడే. అందుచేత ఫలం ఎవరిది అనే ప్రశ్న కాకినాడలో పుట్టనే లేదు. యజమానికి చెప్పిన పాఠాన్నే తీసుకొనివెళ్ళి కూలివాడికి చెప్పటం మొదలైనప్పుడే ఆ ప్రశ్న పుట్టింది. సరిగ్గా అక్కడే దాన్ని అడగటం మానేశారు.

కూలివాడి మీద జరిగిన పరిశోధనలకు తాతవంటిది అమెరికాలోని హాథార్న్ కర్మాగారపు ప్రయోగం. 1927 నుండి 1932 వరకు, టెలిఫోను విడిభాగాలు కూర్చే అయిదుగురు స్త్రీలను ఒక ప్రత్యేకమైన గదిలో ఉంచి వారి పనిని లెక్కించారు. విరామాలు ఇచ్చి చూశారు, గంటలు తగ్గించి చూశారు. పనివారిమీద శ్రద్ధ చూపితే చాలు, ఉత్పత్తి దానంతటదే పెరుగుతుందనే నీతి అక్కడినుండే లోకమంతా పాకింది. ఈనాటికీ నిర్వహణ తరగతులలో ఆ కథ చెబుతారు. చెప్పని భాగం ఒకటి ఉంది. ఆ అయిదుగురిలో ఇద్దరు ఎక్కువగా మాట్లాడుతున్నారనీ, సహకరించటం లేదనీ 1928 మొదట్లో వారిని తొలగించి, వారి స్థానంలో వేరే ఇద్దరిని తెచ్చి కూర్చోబెట్టారు. అంతేకాదు, ఆ చిన్న బృందానికి కూలి కట్టే పద్ధతిని కూడా మార్చారు. 1978లో ఫ్రాంక్, కౌల్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ పాత లెక్కలను మళ్ళీ తిరగవేసి, ఉత్పత్తి పెరగటానికి ప్రధాన కారణాలు యాజమాన్యపు క్రమశిక్షణ, ఆర్థికమాంద్యపు భయం వంటివేనని తేల్చారు. శ్రద్ధ కథ మాత్రం చెక్కుచెదరలేదు. వినటానికి ఇంపుగా ఉండటమే కాక, యజమానికి ఖర్చులేని కథ కూడా గదా అది!

ఇక మన పక్క రాష్ట్రానికి, మన కాలానికి వద్దాము. బెంగుళూరు దుస్తుల కర్మాగారాలలో కుట్టుపని చేసే స్త్రీలకు మాట్లాడే తీరు, సమయపాలన, సమస్యలను పరిష్కరించుకొనే పద్ధతి వంటివి నేర్పే కార్యక్రమమొకటి నడిచింది. చేరదలచినవారిలో లాటరీ తీసి కొందరికి శిక్షణ ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. అందువలన పోలిక నిక్కమైనది. అచ్యుత అధ్వర్యు, నమ్రత కాలా, అనంత్ నైషధం అనే ఆర్థికవేత్తలు దాన్ని అధ్యయనం చేశారు. వారి పత్రం 2023లో అర్థశాస్త్రంలో పెద్దపేరున్న పత్రికలో వెలువడింది. శిక్షణ పొందిన స్త్రీల ఉత్పాదకత పదింట ఒక వంతుకు మించి పెరిగింది. శిక్షణ ముగిసిన ఎనిమిది నెలలకు లెక్క కడితే, కంపెనీ పెట్టిన ఖర్చుమీద నికరంగా 250 శాతానికి పైగా లాభం వచ్చింది. మరి ఆ స్త్రీల జీతం ఎంత పెరిగింది? సుమారు అర శాతం!

నూటికి అర్ధరూపాయి అన్నమాట. ఆ మాత్రం పెంపుతో నెల జీతంమీద ఇంటికి ఏమి వస్తుందో మీరే లెక్క వేసుకోండి.

ఆ ముగ్గురు పరిశోధకులను నేను తప్పు పట్టటం లేదు సరికదా, వారికి నమస్కరిస్తున్నాను. ఉత్పాదకతతోపాటు కూలిని కూడా కొలిచి, ఆ రెండింటి మధ్య ఉన్న అగాధాన్ని దాచకుండా వ్రాశారు. నా తగాదా ఆ పత్రాన్ని సగానికి చించి ఊరేగించేవారితో. 'మృదునైపుణ్యాలలో పెట్టుబడి పెట్టండి, రెండున్నర రెట్ల లాభం' అని సభలలో చెబుతారు. అర శాతం సంగతి నోటివెంట రాదు. ఒకే పత్రం, ఒకే పట్టిక. ఒక అంకెకు పూలదండ వేసి రెండవదాన్ని గదిలో పెట్టి తాళం వేయటం ఏ శాస్త్రం?

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. 'శిక్షణే లేకపోతే ఆ ఉద్యోగమైనా రాదు గదా? ఉపాధి లేని మెట్ట మండలంనుండి వచ్చిన మీరే శిక్షణను కాదంటే ఎట్లా?' అని. సబబైన ప్రశ్న. నేను శిక్షణను కాదనటం లేదు. శిక్షణ పనిచేస్తుంది. బెంగుళూరు లెక్కే అందుకు సాక్ష్యం. పనిచేయని మందుకు ఎవరు డబ్బు తీసుకొన్నా పెద్ద గొడవ లేదు. పనిచేసే మందును ఒకరిచేత మింగించి, దాని బలాన్ని మరొకరు అనుభవిస్తున్నారనేదే నా అభ్యంతరం.

'జీతం తరువాత తరువాత పెరుగుతుంది, నైపుణ్యం ఉన్నవాడిని పోటీపడి తీసుకొంటారు' అనేది రెండవ ఆక్షేపణ. పుస్తకంలో అంతే ఉంటుంది. కాని నేర్చుకొన్న విద్యకు వేరే కంపెనీలో ఎక్కువ ధర పలకాలంటే, ఆ విద్య ఉన్నట్లు ఆ కంపెనీకి తెలియాలి, మారగల స్వేచ్ఛ పనివారికి ఉండాలి. ఊరు వదలి వచ్చి, హాస్టలు గదిలో ఉంటూ, ఈ నెల జీతంతో ఇంటి అప్పు కిస్తీ కట్టవలసిన అమ్మాయి బేరమాడటానికి ఎక్కడికి వెళుతుంది? బేరమాడే శక్తి లేనిచోట నైపుణ్యం కూడా వనరే, తవ్వుకొనేవాడిదే.

ఇక, నేర్పవలసినది ఎవరు అనే సంగతి. దీనిమీద కూడా ఆ శాస్త్రమే ఒక మంచి మాట చెప్పింది. 2016లో జోన్స్, వుడ్స్, గియోమ్ అనే ముగ్గురు పరిశోధకులు కార్యాలయాలలోని కోచింగుమీద అప్పటికి జరిగిన 17 అధ్యయనాలను ఒకచోట చేర్చి లెక్కగట్టారు. కోచింగువలన ప్రయోజనం ఉందని తేలింది. అంతకంటె ముఖ్యం, బయటినుండి వచ్చిన కోచ్‌కంటె సంస్థ లోపలి మనిషి నేర్పినప్పుడే ఫలం ఎక్కువగా కనిపించింది. చిత్రంగా ఉందా? మా జనగామ వైపు వారికి ఇందులో చిత్రమేమీ లేదు. పెంబర్తిలో ఇత్తడి రేకును సుత్తితో, ఉలితో కొట్టి రూపం తెప్పించే విద్య పెద్దవాళ్ళ పక్కన కూర్చొన్న పిల్లలకే వచ్చింది. 2010లో ఆ పనితనానికి భౌగోళిక గుర్తింపు దక్కింది. దాన్ని అక్కడిదాకా బ్రతికించినది చేయి తిరిగిన మనిషి పక్కన మరొక మనిషి కూర్చోవటమే.

దీనికి పెద్ద ఎత్తున జరిగిన ఉదాహరణ కూడా మనవద్దనే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పొదుపు సంఘాలు నడిపిన పల్లెటూరి స్త్రీలు బీహారు వెళ్ళి అక్కడి ఊళ్ళలో మకాం వేసి, అక్కడి పేద స్త్రీల చేత సంఘాలు పెట్టించారు. వారి భాష వీరికి రాదు, వీరి తిండి వారికి తెలియదు. అయినా పని జరిగింది. 'నేనూ నీలాగే ఉండేదాన్ని' అని చెప్పగలిగిన మనిషి చెప్పిన పాఠం కనుక జరిగింది. 2011లో మొదలైన జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ ఆ పద్ధతిని దేశమంతటికీ తీసుకొనిపోయింది. ఇంతటి అనుభవం ఇంట్లో పెట్టుకొని, కోటు వేసుకొని వచ్చి తెరమీద బొమ్మలు చూపేవారికి గంటల లెక్కన డబ్బు కట్టటం మన సంస్థల అలవాటు.

అట్లాగని పాతకాలపు గురుశిష్య పద్ధతికి హారతి పట్టటం కూడా నాకు సమ్మతం కాదు. ఉస్తాదు దగ్గర ఏళ్ళ తరబడి చేసిన ఊరక చాకిరీ, తిన్న మొట్టికాయలు, ఫలానా కులం పిల్లవాడికి ఫలానా విద్య చెప్పరాదన్న కట్టడి, ఆడపిల్లకు అసలు చోటే లేకపోవటం అందులోని భాగాలే. 1961 నాటి అప్రెంటిస్ చట్టం పని నేర్చుకొనేవాడికి కూడా భృతి ఇవ్వాలని శాసించిందంటే అందుకు కారణం ఉంది. నేర్చుకోవటం కూడా పనే అని ఒప్పుకొన్న చట్టమది. ఈనాటి కోచింగు పండితులకు ఆ పాటి చట్టజ్ఞానం కూడా అరువు తెచ్చుకోవలసిన దుస్థితి!

నాయకత్వం సంగతి చెప్పి ముగింపుకు వస్తాను. నేను పనిచేసిన ఒక కార్యాలయంలో రెండు రోజుల నాయకత్వ శిబిరం పెట్టారు. కాగితపు కప్పులు ఒకదానిమీద ఒకటి పేర్చాము. కళ్ళకు గంతలు కట్టుకొని ఒకరి చేయి ఒకరు పట్టుకొని నడిచాము. 'నాయకుడంటే ప్రశ్నించేవాడు' అని తెరమీద పెద్ద అక్షరాలతో చూపించారు. ఒక సహోద్యోగిని లేచి, నెలనెలా రాత్రి పదిదాకా చేస్తున్న అదనపు పనికి డబ్బు ఎప్పుడు ఇస్తారని ప్రశ్నించింది. 'ఇది అందుకు వేదిక కాదు' అని సమాధానం వచ్చింది. ఆమెకంటె ఆ గదిలో ఎవరు ఎక్కువ పాఠం నేర్చుకొన్నట్లు?

మా జిల్లాలో నాయకత్వం పుట్టిన తీరు వేరు. పాలకుర్తిలో కౌలు భూమి సేద్యం చేసుకొన్న చాకలి ఐలమ్మ పంటను ఎత్తుకొనిపోవటానికి విసునూరు దేశముఖు మనుషులు వస్తే, సంఘం అండతో ఆమె ఆ ధాన్యాన్ని తన ఇంటికి చేర్చుకొన్నది. 1946 జూలై 4న కడవెండిలో దేశముఖు మనుషుల కాల్పులలో దొడ్డి కొమురయ్య ప్రాణం విడిచాడు. ఐలమ్మ ఏ శిబిరంలోనూ కప్పులు పేర్చలేదు. తన చెమటతో పండినది తన ఇంటికి రావాలనే ఒక్క పట్టుదల ఆమెను నాయకురాలిని చేసింది. 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు, సంతోషం. కాని ఐలమ్మ అడిగిన ప్రశ్న పంట ఎవరిది అని. పనితనం కూడా పంటే. కుట్టు యంత్రం ముందు పండినా, కంప్యూటరు ముందు పండినా పండించినవారు ఒకరు, ఇంటికి చేర్చుకొనేవారు ఒకరు కావటానికి వీల్లేదు. నాయకత్వం నేర్పుతామని చెప్పి ఈ ఒక్క ప్రశ్నను గదిలోకి రానివ్వనివారు నేర్పుతున్నది నాయకత్వం కాదు, అణకువ.

ఇప్పుడు ప్రభుత్వాల వంతు. 2014లో వచ్చిన దీనదయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన, శిక్షణ పొందినవారిలో కనీసం 75 శాతం మందికి ఉద్యోగం చూపాలని షరతు పెట్టింది. షరతు మంచిదే. 2015లో నైపుణ్య భారతం నినాదం దేశమంతటా మోగింది. 2016లో కేంద్రం నియమించిన శారదా ప్రసాద్ కమిటీ, అందరూ అంకెల వెంట పరుగెత్తుతున్నారని మందలించవలసి వచ్చింది. 2024లో తెలంగాణ శాసనసభ నైపుణ్య విశ్వవిద్యాలయానికి చట్టం చేసింది. పరిశ్రమలకు కావలసిన విద్యలు నేర్పటం దాని ఉద్దేశం. పరిశ్రమలకు ఏమి కావాలో అడగటం అవసరమే. పనిచేసేవారికి ఏమి కావాలో ఏ బల్ల దగ్గర ఎవరు అడుగుతున్నారు?

అందుచేత బచ్చన్నపేటకు గాని, మరో ఊరికి గాని శిక్షణ పేరుతో ఎవరు వచ్చినా మూడు సంగతులు నిలదీసి అడగాలని నా ప్రతిపాదన. మొదటిది: మీ దగ్గర నేర్చుకొన్నవారి జీతం చేరిన నాడు ఎంత, రెండేళ్ళ తరువాత ఎంత? ఎంతమందిని చేర్చారన్నది ఈ ప్రశ్నకు జవాబు కాదు. రెండవది: నేర్పేవారు ఆ పని చేసి పొట్టపోసుకొన్నవారేనా? మూడవది: పనితనం పెరిగితే కూలి ఎంత పెరుగుతుందో ముందుగానే కాగితంమీద వ్రాసి ఇస్తారా? పరిశోధకులకు కూడా ఇదే విన్నపం. ఉత్పాదకత అనే గడి పక్కన కూలి అనే గడి లేని పట్టికను ప్రచురించవద్దు. ఆ గడి నింపటానికి కంపెనీ లెక్కలు ఇవ్వకపోతే, ఇవ్వలేదనే మాటనే ఆ గడిలో వ్రాయండి.

ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పగలిగిన శిక్షణ కేంద్రం మా మండలానికి వస్తే దాని ముందు ముగ్గు వేసి స్వాగతం చెప్పేవారిలో నేను మొదటివాడిని. చెప్పలేనివారు రావద్దని అనను. రావచ్చును, బోర్డు మాత్రం మార్చుకోవాలి. 'నైపుణ్యాభివృద్ధి కేంద్రం' అని కాక 'కంపెనీలకు చవకగా మనుషులను సరఫరా చేయు కేంద్రం' అని వ్రాసుకొంటే మాకు పేచీ లేదు. చదవటం వచ్చినవారు చదువుకొని, చేరాలో మానాలో వారే తేల్చుకొంటారు.

ఉద్యోగాలలో ఉంటూ ఈ శిక్షణలకు వెళ్ళివచ్చిన బ్లాగ్మిత్రులు మనలో చాలామంది ఉన్నారు. నా వాదంలో లెక్క తప్పితే లెక్కతోనే ఖండించండి. శిక్షణవలన మీ జీతం నిజంగా పెరిగి ఉంటే ఆ సంగతి కూడా వ్రాయండి, ఎదురు సాక్ష్యానికి నేను భయపడను. 'మీకు మార్పు అంటే గిట్టదు' అనే జవాబు మాత్రం వద్దు. మార్పు గిట్టకపోవటం కాదు, నూటికి అర్ధరూపాయి దగ్గరే ఆ మార్పు ఆగిపోవటం నాకు గిట్టదు.